ఏ పంటకు?

ఆయన పోయిన రోజు కాలనీ వాట్సాప్ గ్రూపులో సంతాపం రాసే పని నా మీద పడింది, సెక్రటరీని కాబట్టి. "ప్రకృతి ప్రేమికులు, పర్యావరణ పరిరక్షకులు, మన కాలనీకి పెద్దదిక్కు" అని రాసి పంపాను. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. రాసింది మళ్ళీ చదువుకున్నాను. అందులో ఒక్క మాటా నిజం కాదు.

ఆయన ప్రకృతి ప్రేమికుడు కాదు. ఇంటి ముందు వేపచెట్టు ఆకులు రాలుస్తుందని రోజూ దాన్ని తిట్టేవాడు. కోతులంటే పడేది కాదు. మా కాలనీ వెనక గోడ దాటితే అడవి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఆ గోడ అవతలికి తొంగి చూడలేదు. "ఏమున్నదాడ, చెట్లే గద" అనేవాడు. ఇక పర్యావరణం సంగతి. ఆయనది వైరాలో ఎరువులు, పురుగుమందుల దుకాణం. బతుకంతా పత్తికీ మిరపకీ మందులు అమ్మిన మనిషి. ఇప్పుడా దుకాణం పెద్దకొడుకు చూస్తున్నాడు. బాగా నడుస్తోంది.

అలాంటి మనిషి మా కాలనీలో గడ్డి మందు కొట్టొద్దని ఉన్నన్నాళ్ళూ పోట్లాడాడు. ఇంకెవరూ పోట్లాడలేదు.

ఎందుకో అందరికీ తెలుసు. ఆయన భార్యకు ఆయాసం. వైరాలో దుకాణం వెనకే ఇల్లు, ఇంటికి ఆనుకునే గోదాము. ఆమె పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి ఆ వాసనలోనే వండింది, ఆ వాసనలోనే పిల్లల్ని పెంచింది. చివరికి ఊపిరి అందని స్థితి వచ్చింది. ఖమ్మం డాక్టరు ఇల్లు మార్చమన్నాడు. అప్పుడు వాళ్ళు పాల్వంచ దాటాక అడవి అంచున, కరెంటు ప్లాంటులో రిటైరైనవాళ్ళం ఇళ్ళు కట్టుకున్న మా కాలనీకి వచ్చారు. ఇక్కడ ఆమె పొద్దున్నే చెప్పులు విడిచి గ్రౌండులో గడ్డి మీద నడిచేది. ఆయన చివర్న నిలబడి చూసేవాడు. ఆమె నడుస్తూ ఎంతసేపు ఆగకుండా మాట్లాడగలుగుతుందో దాన్నిబట్టి ఆ రోజు ఆమె ఛాతీ ఎలా ఉందో ఆయనకు తెలిసేది. ఆమె ఆయన్ని ఏకబిగిన తిడుతుంటే ఆయన మొహం వెలిగేది.

కానీ ఏ మీటింగులోనూ ఆయన ఆ మాట ఎత్తలేదు. "నా భార్యకు పడదు" అంటే మేం మానేసేవాళ్ళమేమో. అంటే మాత్రం ఎవరో ఒకరు "మరి నువ్వమ్మింది ఏంది" అని అడుగుతారని ఆయనకు తెలుసు. ఆ అడిగేవాణ్ణి నేనే అయ్యుండేవాణ్ణి.

పొట్టి మనిషి. తెల్లచొక్కా, పై గుండీ దాకా పెట్టుకునేవాడు. ఎవరితోనూ చేయి కలిపేవాడు కాదు, దూరం నుంచే దండం. ఆ చేతుల్ని మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంటేగానీ భార్య కంచం ముట్టుకునేవాడు కాదు. దుకాణం మానేశాక కూడా. "ఇప్పుడు ఏం ముట్టుకున్నవని" అని ఆమె విసుక్కుంటే, "పేపరు ముట్టుకున్న" అనేవాడు. కాలనీ గేటు దగ్గర ఆగి ఒకసారి గాలి పీల్చి అప్పుడు లోపలికొచ్చేవాడు. కొత్తవాళ్ళు అదేదో ప్రాణాయామం అనుకునేవాళ్ళు.

ఆయనతో నా మొదటి ముఖాముఖి గడ్డి మందు గురించే. వానలకు గ్రౌండులో గడ్డి బాగా లేచింది. కాలనీలోనే మందుల షాపు మనిషి ఉన్నాడు కదా, అడిగితే మంచిది చెప్తాడని వెళ్ళాను.

"అన్నా, గ్రౌండుల గడ్డి మస్తు పెరిగింది. మంచి మందేదో చెప్పు."

"ఏ పంటకు?"

"పంటకు గాదన్నా, గ్రౌండుకు."

"అదే అడుగుతున్న. గ్రౌండుల ఏం పంట ఏసిన్రు?"

"ఏం ఎయ్యలే. గడ్డి పోవాలె, అంతే."

"గడ్డి ఏం జేసింది?"

"ఏం జేస్తది. మంచిగ కనవడ్తలేదు."

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. నేను లుంగీ, బనీను మీద ఉన్నాను.

"పొద్దుపొద్దున నువ్వు గూడ మంచిగ కనవడవు సెక్రటరీ సాబ్. ఏమన్న కొడ్తున్నమా?"

లోపల్నుంచి ఆమె నవ్వు, వెంటనే దగ్గు వినిపించాయి. దగ్గు ఆగేదాకా ఆయన మాట్లాడలేదు. ఆగాక, సామాను లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"పత్తి రైతు మందు కొడ్తడు. పురుగు పంటను తింటది. పంట పోతే ఆయన పోతడు. గందుకు కొడ్తడు. తప్పో ఒప్పో, అది ఆపద. నీదేంది? సోకు. సోకుకు కొట్టే యిషం నేను ఇంతవరకు అమ్మలే."

"ఒక్కసారి గూడ అమ్మలేదా అన్నా?"

"ఎవడన్న అడిగితే గద."

నాకు కోపమొచ్చింది. పాల్వంచలో వేరే దుకాణంలో కొన్నాను. అక్కడ ఏ పంటకని ఎవరూ అడగలేదు.

నా గురించి కూడా ఇక్కడ కొంత చెప్పుకోవాలి. ప్లాంటులో పనిచేసిన రోజుల్లో పెద్దసార్లు వస్తున్నారంటే ముందురోజు రాళ్ళకు సున్నం వేయించేవాళ్ళం, చెట్ల మొదళ్ళకు ఎర్రరంగు పూయించేవాళ్ళం. ఎండిన కొమ్మకు కూడా నీళ్ళు పట్టించేవాళ్ళం. ఆ పనికి నన్నే పిలిచేవాళ్ళు. నాకు అందులో పేరుండేది. రిటైరయ్యాక పెద్దసార్లు లేరు, నా చేతులు మాత్రం ఊరుకోలేదు. గ్రౌండు ఫొటో తీసి గ్రూపులో పెడితే "సూపర్ సార్" అని వచ్చేవి. ఆ రెండు మాటల కోసం నేనేం చేయడానికైనా సిద్ధంగా ఉండేవాణ్ణి. చేశాను కూడా.

గోడ అవతలి గూడెం నుంచి ఒకాయన మందు కొట్టడానికి వచ్చేవాడు. నా వయసే ఉంటుంది. వీపున డబ్బా, మూతికి తువ్వాల, కాళ్ళకు ఏమీ ఉండవు. మొదటిసారి ఆయన్ని గ్రౌండుకు పంపి ఇంట్లో టీ తాగుతున్నాను. కొంచెంసేపటికే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"అయిపోయిందా?"

"లేదు సార్. ఆ సేటు లేస్తలేడు."

"ఏడికెల్లి?"

"గడ్డి నడిమిట్ల కుర్చీ ఏసుకున్నడు. పేపరు సదువుతున్నడు."

"అయిపోయినంక లేస్తడు తీ."

"సదివిందే సదువుతున్నడు సార్."

నేను వెళ్ళేసరికి ఇంకో కుర్చీ వచ్చి ఉంది. మందు కొట్టే ఆయన దాంట్లో కూర్చోవడానికి మొహమాటపడి పక్కనే గొంతుకూర్చున్నాడు. మందు డబ్బా దూరంగా రోడ్డు మీద పెట్టించారు. ఆయన కాళ్ళకు కొత్తగా రబ్బరు బూట్లు వచ్చాయి, వైరా దుకాణంలో అమ్మేవి.

"ఏందన్నా ఇది?"

"కొట్టుమను. నేనేమన్న ఆపుతున్ననా. నా మీదికెల్లి కొట్టుమను."

మందు కొట్టే ఆయన నేల చూశాడు. ఆరోజు ఆయన బూట్లు వేసుకుని, కూలి తీసుకుని, ఒక్క చుక్క కొట్టకుండా ఇంటికి పోయాడు. తర్వాత కూడా అదే తంతు. పంపు చప్పుడు వినబడగానే కుర్చీ వచ్చేది. లైన్లో వాళ్ళు "అసెంబ్లీ మొదలైంది" అనేవాళ్ళు. మా ఆవిడ అంతకంటే ఘాటుగా అనేది.

"ఒక్క ముసలాయన కుర్చీ ఏసుకుంటే మీ కమిటీ మొత్తం నిలవడ్డది. ఆ కుర్చీకే సెక్రటరీ పదవి ఇయ్యరాదు."

పోయినేడాది సద్దుల బతుకమ్మకు ఒక అధికారి కుటుంబంతో వస్తానన్నారు. అధికారి అనగానే నా కాళ్ళు నేల మీద ఆగలేదు. అదే వారంలో పెద్దాయన తన భార్యను చూపించడానికి ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయి, అక్కడే కొడుకు స్నేహితుడి ఇంట్లో ఉన్నారు. వాళ్ళు వెళ్ళిన మర్నాడే నేను మందు కొట్టించాను. ఆ రోజునే ఎంచుకుని కొట్టించాను. "మొత్తం పోవాలె, ఒక్కటి మిగలొద్దు" అన్నాను.

మందు నా మాట విన్నది. గడ్డి మొదట వాడింది, తర్వాత పండుబారింది, తర్వాత గోధుమ రంగుకు తిరిగి నేలకు అతుక్కుపోయింది. దాంతోపాటు గ్రౌండు అంచుల వెంబడి నడుమెత్తు లేచిన గునుగు కూడా పోయింది. తెల్లటి కంకులతో, కొనల్లో గులాబీ రంగుతో ఊగేది. మా కాలనీ ఆడవాళ్ళు ఏటా బతుకమ్మ పేర్చేది దాంతోనే. గునుగు కూడా గడ్డిలాంటిదేనని మందుకు తెలుసు. నాకే గుర్తు రాలేదు. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న పువ్వు.

తట్టలు పట్టుకుని వచ్చినవాళ్ళలో మా ఆవిడే ముందుంది.

"గునుగేదయ్యా?"

"గ్రౌండు నీటుగ జేయించిన."

ఆమె గ్రౌండును చూసింది, నన్ను చూసింది.

"ఆడనీకి జాగ జేసినవు, మంచిదే. పేర్చనీకి పువ్వు లేకుంట జేసినవు. ఇగ తంబాలం నడిమిట్ల నిన్ను కూసోబెట్టి ఆడాల్నా?"

పాల్వంచ బజారు నుంచి పూలు తెప్పించుకున్నారు. ఆ సాయంత్రం ఆయనా భార్యా ఖమ్మం నుంచి కిరాయి కారులో వచ్చారు. గేటు దగ్గర కారు ఆగింది. ఆయన అద్దం దించి, గాలి పీల్చి, వెంటనే అద్దం ఎక్కించాడు. ఆయన దిగాడు. కారు ఆమెతోనే వెనక్కి తిరిగి కారేపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. పండగపూట ఆమె తన ఇంటి గడప కూడా తొక్కలేదు. నేను గేటు దగ్గరే ఉన్నాను. అధికారికి స్వాగతం చెప్పే పూలదండ నా చేతిలో ఉంది.

ఆయన నేరుగా ఇంటికి పోయి కర్రలూ, చెత్తకుప్ప దగ్గర్నుంచి ఖాళీ మందు డబ్బాలూ పట్టుకొచ్చాడు. మా వైపు మందు కొట్టిన చేనుకు గట్టు మీద కర్ర పాతి ఖాళీ మందు డబ్బా బోర్లిస్తారు. మేకలవాళ్ళు చూసి పక్కనుంచి తోలుకుపోతారు. ఆయన గ్రౌండు చుట్టూ కర్రలు పాతి ఒక్కోదానికీ ఒక డబ్బా బోర్లించాడు. అలంకరణ అనుకుని కొందరు సాయం కూడా చేశారు.

ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకుని, కొత్త చీరలతో, కాళ్ళకు చెప్పుల్లేకుండా వచ్చారు. పిల్లలు ముందు పరిగెత్తుతున్నారు. మా ఆవిడ ఆగింది. ఆమెది రైతు ఇల్లు.

"ఏందన్నా, ఈ డబ్బాలేంది?"

"మందు కొట్టిన చేను గదమ్మా. మేకలొస్తయని."

"ఈడ మేకలేడివన్నా?"

"మీరొస్తున్రు గద."

ఒకామె కొడుకు రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. ఇంకొకామె కాళ్ళు చూసుకుంది. అందరూ బతుకమ్మల్ని అలాగే తీసుకుపోయి రోడ్డు మీద దించారు. ఆ ఏడు మా కాలనీలో బతుకమ్మ సిమెంటు రోడ్డు మీద ఆడారు.

అధికారి వచ్చారు. ఖాళీ గ్రౌండు చూసి "చాలా నీటుగా ఉంచారండీ" అన్నారు. నా ఛాతీ పొంగింది, ఆ పరిస్థితిలో కూడా. తర్వాత డబ్బాలు చూపించి ఏమిటవి అని అడిగారు.

"ఇక్కడి ఆచారం సార్" అన్నాను.

ఆయన ఫొటో తీసుకున్నారు.

మర్నాడు పొద్దున పెద్దాయన ఒక్కడే కర్రలు పీకుతుంటే వెళ్ళాను. రాత్రంతా అనాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఒక్కటే అనగలిగాను.

"నలుగుర్ల నా పరువు తీసినవన్నా."

"నీ పరువుకు ఏం గాలే. ఫొటోల మంచిగనే వడ్డది." కర్ర మట్టి దులిపి పక్కన పెట్టాడు. "మీ వదినెకే జాగ లేకుంట అయింది. గట్టి వానలు పడి నేల కడిగినంక తీస్కొస్త."

ఆమె మాట నా ముందు ఎత్తడం అదే మొదటిసారి. ఇంకో కర్ర పీకుతూ ఆయనే మళ్ళీ అన్నాడు.

"నువ్వేం అడగాలనుకుంటున్నవో నాకు ఎరికే. అవ్, అమ్మిన. దాస్తలేను. నా ఇంట్ల గాలి నేనే పాడుజేసిన. గా మాట అడుగదల్చుకుంటే నన్ను అడుగు. ఆమె ఏం అమ్మలే."

అప్పుడు క్షమించమని అడగాల్సింది. "వచ్చే ఏడు కొట్టించం తీ అన్నా" అన్నాను, ఏదో ఆయనకు నేను ఉపకారం చేస్తున్నట్టు. ఆయన తలూపి డబ్బాలన్నీ గోనెసంచిలో వేసుకుని పోయాడు. ఆ పండగ రోజులు ఆమె చెల్లెలి ఇంట్లోనే గడిపింది. వానలు పడి, గ్రౌండులో మళ్ళీ మొలకలు కనబడ్డాక గానీ రాలేదు. వచ్చిన పొద్దున ఆమె నడుస్తూ గ్రౌండు ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఆగకుండా ఆయన్ని తిట్టింది. చెల్లెలి ఇంట్లో చాయ్ ఎంత నీళ్ళగా ఉంటుందో, అక్కడ తనను అన్నాళ్ళు వదిలేసినందుకు ఆయన్ని ఏం చేయాలో. ఆయన చివర్న నిలబడి వింటున్నాడు. ఆ మొహం నేను మర్చిపోలేను.

ఈ వానాకాలం ఆయన పోయాడు. గుండె. దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

పెద్దకర్మ ఇక్కడే చేయాలని కొడుకులు నిర్ణయించారు. వైరా నుంచి, కారేపల్లి నుంచి జనం వస్తారు. ముందురోజు జాయింట్ సెక్రటరీ గ్రూపులో పొడుగ్గా మెసేజ్ పెట్టాడు. పెద్దాయనకు మనం ఇచ్చే చివరి గౌరవం అని మొదలైంది. టెంటు, కుర్చీలు, మంచినీళ్ళు, వీధి శుభ్రం, ఇంకా ఏవేవో ఉన్నాయి. చివరిదాకా చదవలేదు. అలవాటు ప్రకారం బొటనవేలు బొమ్మ పెట్టాను.

పొద్దున్న వెళ్ళేసరికి వీధికి రెండు వైపులా సున్నం గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. గీతల పక్కన గడ్డి తడిగా ఉంది. రాత్రి వాన లేదు. వాళ్ళింటి గేటు దాటుతుండగానే నా ముక్కుకు తెలిసింది. ఇన్నేళ్ళూ నేను ఆ వాసన పట్టించుకోలేదు. ఆరోజు పట్టుకుంది.

ఆమె వెనక గదిలో కిటికీలు మూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది.

"తమ్మీ, గడ్డి మందు కొట్టిన్రా?"

"అవ్ వదినె."

"ఎవరు కొట్టుమన్నరు?"

బయట జాయింట్ సెక్రటరీ కుర్చీలు సర్దిస్తున్న చప్పుడు వినబడుతోంది. ఆయన పేరు చెప్తే అబద్ధం కాదు. కానీ ఆ మెసేజ్ కింద నా బొటనవేలు ఉంది, అదే నా సంతకం.

"నేనే వదినె."

ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆయన కోసమనే కొట్టిన్రు గదా" అంది. అందులో వెటకారం లేదు. నిజంగా అడిగింది.

"అవ్."

పెద్దకొడుకు వచ్చి నిలబడ్డాడు. ఆమె అతనితో, "నాయనా, అన్నాలు కాంగనే బండి తియ్యి. మనింటికి పోదాం" అంది.

"వైరాకు వద్దు వదినె. అక్కడ గోదాము ఉంటది. ఇంకెక్కువ అయితది" అన్నాను.

"ఎరికే తమ్మీ. ఆడ వాసనుంటదని ఎరికే ఉంటది. తలుపేసుకుంట, మూతికి గుడ్డ కట్టుకుంట. ఈడ ఎప్పుడొస్తదో తెల్వదు. పొద్దున లేసి గడ్డి మీద కాలు వెట్టాల్నంటే బుగులైతది."

ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. విస్తళ్ళు ఎత్తకముందే.

తర్వాతి మీటింగులో కాలనీలో మందు కొట్టడం పూర్తిగా ఆపాలని తీర్మానం నేనే పెట్టాను. అందరూ మర్యాదగా విన్నారు. జాయింట్ సెక్రటరీ లేచి, "ఆమె పోయింది గద సార్. ఇగ ఎవరికి ఇబ్బంది?" అన్నాడు. మంచి మనిషే. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"నాకు" అన్నాను.

"మీకేం ఇబ్బంది సార్? ఆయాసం ఉన్నదా?"

లేదన్నాను. తీర్మానం వచ్చే మీటింగుకు వాయిదా పడింది. అప్పటిదాకా మందు కొనే కాగితం మీద సెక్రటరీ సంతకం ఉండాలి. నేను పెట్టడం లేదు. గ్రూపులో ఇప్పుడు గ్రౌండు ఫొటోలు వేరేవాళ్ళు పెడుతున్నారు, కింద నా పేరుతో ప్రశ్నార్థకాలు. మా ఆవిడ వాటన్నిటికీ నవ్వు బొమ్మలు పెడుతోంది.

నిన్న వైరాకు ఫోన్ చేశాను. కొడుకు తీసి ఆమెకిచ్చాడు. వెనక దుకాణంలో ఎవరో బేరం ఆడుతున్న గొంతు వినిపిస్తోంది. బాగున్నారా అంటే బాగున్న అంది, మధ్యలో ఆగి. ఇంటికి రమ్మన్నాను. గ్రౌండు అట్లనే ఉంది అన్నాను.

"గడ్డి ఉందా తమ్మీ?"

"ఉంది వదినె. మోకాళ్ళ దాంక వచ్చింది."

"పచ్చగున్నదా, పండువారిందా?"

"పచ్చగనే ఉంది."

"మొన్న కర్మ నాడు పొద్దున గూడ పచ్చగనే ఉండె" అంది. ఊపిరి తీసుకుంది. "ఇంకో నెల గట్లనే ఉంటే చెప్పు. అప్పుడు చూస్త."